వాళ్ళ పెరట్లోంచి మా నీళ్ళు

మా పక్కింటి అత్త పోయింది. కార్తీకం ముసురు పట్టిన రోజుల్లో, ఒక పొద్దున్న నేను పొయ్యి రాజేస్తుంటే ఆమె కొడుకు తలమీద గోనెసంచి కప్పుకుని వచ్చి, "అక్కా, అమ్మ లెగలేదు" అన్నాడు. ముందురోజు రాత్రి అన్నం తిని, వక్క నములుతూ పడుకున్న మనిషి. ఎవరినీ లేపలేదు, ఎవరి చేతా గ్లాసుడు నీళ్ళయినా తెప్పించుకోలేదు. మంచాన పడి ఇంకొకళ్ళ చేత చేయించుకోవాల్సి వస్తుందేమోనని ఆమెకు ఎప్పుడూ భయమే. ఆ భయం నిజం కానందుకు నాకు ముందు నిమ్మళంగా అనిపించింది. ఏడుపు ఆ తరవాత వచ్చింది.

ఏడుపుతో పాటే ఇంకో ఆలోచనా వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, ఆమె గురించి రాస్తూ దాచడం బాగుండదు. ఇక మా నీళ్ళ సంగతేమిటి, అనుకున్నాను.

మా ఇల్లు పల్లంలో ఉంది. ముసురు పడితే నేలలోంచి ఊట ఊరుతుంది. ఆ ఊటంతా చేరడానికి వెనక వసారా మూలలో ఒక గొయ్యి తవ్వించుకున్నాం. గొయ్యి నిండినప్పుడల్లా ఆయిలింజను వేసి తోడతాం. తోడిన నీళ్ళు ఆమె పెరట్లోని కాలువగుండా వెళ్ళి వెనక పారే గెడ్డ వాగులో పడతాయి. ఆ దారి ఆమె నోటిమాటగా ఇచ్చింది. నీళ్ళు అలా పోతున్నన్నాళ్ళూ మా గోడ నిలుస్తుంది, పోకపోతే నిలవదు. ఇప్పుడు ఆమె లేదు. ఆమె కొడుక్కి మొదట్నుంచీ ఆ కాలువంటే చిరాకు. సరిగ్గా అది ఉన్న చోటే దూదేకే మిషను పెట్టి షెడ్డు వేస్తానని ఏడాదిగా అంటున్నాడు. కాదనే హక్కు మాకేముంది?

ఆ పూట మాత్రం, శవం ఉన్న ఇంటి పెరట్లోకి మన గొయ్యి నీళ్ళు వదలడమేమిటని, ఇంజను వెయ్యొద్దని మా ఆయనతో చెప్పాను. బయట వాన కురుస్తూనే ఉంది.

ఆమె మాకు చుట్టం కాదు. వాళ్ళది దూదేకుల ఇల్లు. పరుపులు, బొంతలు, తలగడలు కుట్టేవారు. మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. మా మామగారిని ఆమె "అన్నా" అనేది, అందుకని నాకు అత్తయింది. అసలు అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయారు. ఆ లోటు తెలియకుండా నన్ను తిట్టడానికి ఈవిడ ఉండేది.

కనుబొమ్మల మీద ఎప్పుడూ కాస్త దూది అంటుకుని ఉండేది. పరుపులు కుట్టే దబ్బనం కొప్పులో గుచ్చుకుని మరిచిపోయి, ఇల్లంతా వెతికి, చివరికి గోడమీద దబదబా బాది "కోడలా, నా దబ్బనం నువ్వు గానీ తీసేవేటే?" అని అడిగేది. తలమీద చూసుకో అత్తా అంటే, "అక్కడెందుకుంటాదీ?" అంటూనే తీసుకునేది. ఎవరైనా ఏడుస్తూ వస్తే ముందు ఏదో ఒకటి తినిపించేది. "ముందు తిను. ఏడవడానికి ఒంట్లో సత్తువ ఉండాల" అనేది. నేను ఆమె ఇంట్లో ఎన్నిసార్లు ముక్కు చీదుకుంటూ ఉప్మా తిన్నానో లెక్కలేదు.

ఇక నీళ్ళ సంగతి. అది అరవై రెండులోనో, మూడులోనో జరిగింది. నేను నిండు నెలలతో ఉన్నాను. మా అమ్మ లేదు కాబట్టి పురుడు మెట్టింట్లోనే. ఆ గదీ నిర్ణయమైపోయింది, వెనక వసారా పక్కది. ఇంట్లో గాలి ఆడే గది అదొక్కటే. ఆ గదికి అటువైపు గోడే మా ఉమ్మడి గోడ.

మా ఇల్లు బెల్లం మార్కెట్టు వెనక వీధిలో ఉంది. మునిసిపాలిటీవాళ్ళు రోడ్డు మీద కంకర పోసినప్పుడల్లా వీధి ఎత్తు పెరిగింది, మా గుమ్మం మాత్రం ఉన్నచోటే ఉంది. అలా చూస్తుండగానే మాది పల్లపు ఇల్లయింది. నా పురుడికి ముందేడు వానలు విడవకుండా పడేసరికి వసారాలో నేల చెమర్చింది, తరవాత చెప్పు వేస్తే తేలేలా అయింది. మా ఆయనకు బెల్లం కొట్లో గుమస్తా పని, సీజను రోజులు, ఆయన చేతికి దొరకరు. మా మామగారే సొంత పల్లెలో చెరుకు తోటకి వాడే ఆయిలింజన్ని బండి మీద వేయించుకొచ్చి వెనక పెరట్లో దింపారు. గొయ్యి తవ్వించారు. హేండిలు తిప్పి ఇంజను వేసి, "సూసేవా, పొద్దెక్కేసరికి ఇల్లు ఆరిపోద్ది" అన్నారు.

ఇంతకీ ఆ నీళ్ళు ఎక్కడికి వదిలారు? గోడ పక్కనే వరసగా నాటిన అరటి పాదుల్లోకి.

ఇది బయటివాళ్ళకు వింతగా ఉంటుంది. చెరుకు పండించిన ఇళ్ళవాళ్ళకు ఉండదు. ఆయిలు కాల్చి తోడిన నీరు ఏదో ఒక మొక్క మొదట్లో పడాలి. ఊరికే పారబోస్తే మా మామగారికి ఆ పూట అన్నం సయించదు. గోడవార నేల ఖాళీగా ఉంది, పిలకలు తెప్పించి పెట్టారు, పాదులు చేశారు, గట్లు కట్టారు. ఒక్క చుక్క కూడా బయటికి పోకుండా చూసుకున్నారు. పొద్దున్నా సాయంత్రం ఇంజను గుడగుడలాడేది. ఏడాది తిరిగేసరికి అరటి చెట్లు ఏపుగా ఎదిగి గెలలు కూడా వేశాయి. గొయ్యిలో నీళ్ళు మాత్రం తగ్గలేదు. ఎంత తోడితే అంత ఊరేవి. "ఊట మంచిదే" అని ఆయన మెచ్చుకునేవారు కూడా.

గోడకి పగులు వచ్చింది. మొదట్లో వెంట్రుకంత ఉండేది, తరవాత వేలు దూరేంత అయింది. మేస్త్రీ వచ్చి చూసి, పునాది కింద మట్టి మెత్తబడిపోయిందనీ, ఆ గదిలో మనుషుల్ని పడుకోబెట్టొద్దనీ చెప్పి పోయాడు. నాకు అప్పటికే కాళ్ళు నీరు పట్టి ఉన్నాయి. ముందుగదిలో బెల్లం బుట్టలు, నడిమి గదిలో వంట, వసారాలో ఊట. ఎక్కడ కనను? వానలకు మా పల్లెకి బండి వెళ్ళే దారి తెగిపోయింది. ఆ పగులు వైపు చూస్తూ పడుకుని, బిడ్డను కన్న రాత్రే గోడ పడుతుందని మనసులో నిశ్చయం చేసేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

మా ఇంజను నీళ్ళు తేటగా ఉంటాయని వీధిలో ఆడవాళ్ళు బట్టలు తెచ్చుకుని మా పెరట్లో ఉతుక్కునేవారు. అత్త కూడా ఒకరోజు పెళ్ళివాళ్ళ పరుపుల గలేబులు తెచ్చింది. అన్నీ తెల్లవి. ఉతికి, బకెట్లో నీలిమందు దిట్టంగా కలిపి, ముంచి పిండి, మిగిలిన నీలం నీళ్ళు ఎప్పటిలాగే అరటి పాదుల్లో పారబోసి, నాతో కబుర్లకి వసారాలో కూర్చుంది. కాసేపటికి నేను గొయ్యిలోకి చూస్తే నీళ్ళు లేతనీలంగా ఉన్నాయి.

"అత్తా, ఇలా చూడు" అన్నాను.

చూసింది. గోడవైపు చూసింది. మళ్ళీ గొయ్యివైపు చూసింది. నవ్వడం మొదలుపెట్టి, నిలబడలేక వసారా స్తంభం పట్టుకుంది. ఇంజను తుడుచుకుంటున్న మా మామగారిని పిలిచి అడిగింది.

"అన్నా, నువ్వు నీరు తోడతన్నావా, తిప్పతన్నావా?"

మా మామగారు వంగి చూసి, "అది ఆకాశం నీడమ్మా" అన్నారు.

"ముసురు పట్టి వారమైపోతంది, నీలాకాశం ఎక్కడ దొరికిందన్నా నీకు?"

నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. మామగారి ముందు నవ్వకూడదు కదా. ఆయన మాత్రం ఒప్పుకోలేదు. నేలలోపల నీరు ఎటు పోతుందో ఎవరికి తెలుసన్నారు. అప్పుడు అత్త నవ్వు ఆపి, ఇంటికి వెళ్ళి, చేతిలో ఏదో తెచ్చింది. నల్లబడి ముద్దయిన దూది. వాళ్ళ గదిలో ఆ గోడకి ఆనించి పెట్టిన బస్తాల్లో అడుగుదాంట్లోది. ఆయన చేతిలో పెట్టి, "పిండన్నా" అంది. ఆయన పిండారు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి. "ఇంజనేసిన రోజే తడుత్తాది. నేనిన్నాళ్ళూ అనుకున్నాను, వాన నీరేమో అని." ఆమె గొంతులో కోపం లేదు. అది ఆమె సరుకు, ఆమె తిండి. కోప్పడి ఉంటే మా మామగారు తట్టుకునేవారు. ఆ దూది ముద్ద పట్టుకుని అక్కడే గట్టు మీద కూలబడ్డారు.

మరి నీళ్ళు ఎటు వదలాలి? వీధి మాకన్నా ఎత్తు. రెండోపక్క ఇంకో ఇల్లు. పల్లం ఉన్నది ఒక్కవైపే. అత్త పెరడు వెనక్కి వాలి గెడ్డ దాకా పోతుంది.

"మా పెరట్లోంచి తీసుకుపో" అంది అత్త.

"వద్దు సెల్లీ" అన్నారు మామగారు.

ఆయన మొహమాటానికి అనలేదు. భయపడి అన్నారు. ఒకరి నేల మీదుగా ఇంకొకరి నీళ్ళు పారితే ఏమవుతుందో రైతుకి తెలుసు. ఆయనా ఆయన అన్నగారూ పంటకాలువ దగ్గరే విడిపోయారు. ఒకరింటి పెళ్ళికి ఇంకొకరు వెళ్ళలేదు. "ఇయ్యాల నువ్విత్తావు. రేపు నీ కొడుకు కాదంటాడు. ఎల్లుండి మన పిల్లలు కత్తులు నూరతారు. నీటి తగువు నాకొద్దమ్మా. గోడ పడితే పడనీ" అన్నారు.

అత్త నడుంమీద చేతులు పెట్టుకుంది.

"తగువొత్తే నాతో ఆడు, నేనెక్కడికి పోతాను? ముందు ఒకటి సెప్పు. ఈ పిల్ల గదిలో కంటాదా, గోడ కింద కంటాదా?"

మామగారు నావైపు చూశారు. నేను అప్పుడు ఏడ్చాను, అందరిముందూ. అన్నాళ్ళూ మనసులో దాచుకున్నది ఆమె నోటివెంట వచ్చేసరికి ఆగలేదు. ఆయన లేచి, కండువా దులుపుకుని, పల్లె నుంచి తాటి దోనెలు తెప్పిస్తానన్నారు.

తాటిమానును రెండుగా చీల్చి తొలిస్తే దోనె. పొలాల్లో పల్లం మీదుగా నీళ్ళు దాటించడానికి వాడతారు. పాలేర్లు తెగిన దారిలో వాటిని భుజాల మీద మోసుకొచ్చారు. పెరటి దగ్గర గోడలో కంత కొట్టి, కర్ర పంగల మీద దోనెల్ని ఒకదాని మూతి ఇంకోదాన్లో పెట్టి, గెడ్డ వైపు వాలుగా నిలబెట్టారు. మామగారు చెంబుతో నీళ్ళు పోసి, ఎక్కడ ఆగితే అక్కడ పంగ కిందికి దించేవారు. అత్త ఆమె గోడకు ఎంత దూరంగా పోవాలో కాలితో గీత గీసి చూపించింది. "మీ గోడ బతికించి నా గోడ సంపకండి" అని పక్కనే నిలబడింది. చివర గెడ్డ గట్టు కోసుకుపోకుండా, నీళ్ళు పడేచోట రాళ్ళు పేర్పించింది.

అరటి చెట్లు తీసెయ్యాల్సి వచ్చింది. సగం పెరిగిన గెల ఉన్న చెట్టు దగ్గర మా మామగారి చెయ్యి ఆగిపోయింది. అత్తే కత్తి తీసుకుని నరికి, గెల నా ఒళ్ళో పెట్టి, "కూరొండు" అంది. ఆయన ఆ సాయంత్రం ఆ గెల వైపు చూడలేదు. కూర మాత్రం తిన్నారు. ఆ చెట్టు వేళ్ళకింద పందికొక్కు బొరియ బయటపడింది, చెయ్యి పట్టేంత ఉంది, నేరుగా పునాది కిందికి. మేం కాల్చిన ఆయిలంతా ఆ పందికొక్కు ఇంటికి నీళ్ళు తోడడానికే సరిపోయింది. దాన్ని రాళ్ళతో, పెంకుముక్కలతో, బంకమట్టితో కూరి, గోడవారంతా మట్టి కొట్టి బయటికి వాలు చేశారు.

ఆ తరవాత గొయ్యిలో నీళ్ళు తోడితే తోడినట్టే తగ్గాయి. పగులు మీద అత్త తడి సున్నం మెత్తింది. పగులు పెద్దదైతే ఆ సున్నం చీలుతుందట, మేస్త్రీ చెప్పాడు. రోజూ పొద్దున్నే వచ్చి, నన్ను పలకరించకుండా ముందు సున్నాన్ని చూసేది. "సీల్లేదు" అని, అప్పుడు నా మంచం దగ్గరికి వచ్చేది. ఆ మాట విన్న ప్రతి రోజూ నేను హాయిగా నిద్రపోయాను. ఆ గదిలోనే, ఆ గోడ పక్కనే మా అమ్మాయి పుట్టింది. బిడ్డకు పరుపు అత్తే కుట్టింది. డబ్బులిస్తామని మామగారు అంటే, ఆయన తల మీద బిడ్డను మోపినంత పని చేసి, "దీన్ని పట్టుకో, నోరు మూసుకో అన్నా" అంది.

అత్త కొడుకు అప్పుడు తీర్థాల్లో, జాతరల్లో పరుపులు అమ్ముకోవడానికి ఉపమాక వైపు వెళ్ళి ఉన్నాడు. తిరిగొచ్చిన రోజు నెత్తిమీద మూటతో పెరట్లోకి వచ్చి దోనెకి తల కొట్టుకున్నాడు. కాలువ మీద కోపం అతనికి అక్కడ మొదలైంది. వానలు తగ్గాక దోనెలు తీసేసి, నేలలోనే ఇటుకలు పరిచి కాలువ కట్టించాం. అయినా అతను దాన్ని దాటిన ప్రతిసారీ ఏదో ఒకటి గొణిగేవాడు. నిజానికి అతనిదీ తప్పు కాదు. మిషను వస్తే విల్లుతో దూది ఏకే బాధ తప్పుతుంది, పెరట్లో షెడ్డుకి సరిపడే చోటు అదొక్కటే. అత్త వినిపించుకునేది కాదు. వానాకాలం వచ్చేముందు ఆమే పార పట్టుకుని కాలువలో మట్టి తీసేది. నేను సాయం వెళ్తే, "నీ ఇంటి నీరు నాకాడికి వచ్చాక నాదే, నువ్వెల్లు" అనేది. పుణ్యం కట్టుకున్నావు అత్తా అని ఎప్పుడైనా అన్నానా, ఆ రోజుకి నాతో మాటల్లేవు.

మా మామగారికీ ఆమెకీ మధ్య ఒక్క తగువే ఉండేది. రంజానుకి ఆమె సేమ్యా పంపితే ఆయన రుచి చూసి, "అనకాపల్లిలో ఉండి పంచదారేటమ్మా, బెల్లం దొరకలేదా?" అన్నారు. మరుసటేడు నుంచి రెండు గిన్నెలు వచ్చేవి. ఒకటి వీధిలో అందరికీ పంచే పంచదారది, ఒకటి బెల్లంతో ఆయనకి. ఆయన పోయిన ఏడు కూడా రెండో గిన్నె పట్టుకుని వచ్చి, మా గుమ్మంలో నిలబడిపోయి, "అలవాటులో సేసేసేను కోడలా" అంది. ఇద్దరం వసారాలో కూర్చుని అది తిన్నాం. ఆమె ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు ఆమె పోయిన రోజు దగ్గరికి వస్తాను. వాన తెరిపి ఇవ్వలేదు. ఇంజను వెయ్యలేదు. మధ్యాహ్నానికి గొయ్యి నిండి, వసారాలోకి నీళ్ళు పాకి, పురిటిగది గడప తడిసింది. మా ఆయన గోనెసంచులు అడ్డం వేశారు. నేను గోడను చేత్తో తడిమి చూశాను. పక్కింట్లోంచి ఆడవాళ్ళ ఏడుపు వినిపిస్తోంది. ఈ పూటకి పోనీలే, కానీ రేపూ ఎల్లుండీ ఏం చేస్తాం అనుకున్నాను.

అప్పుడు ఆమె కొడుకు గోడ కంత దగ్గరికి వచ్చి వంగి పిలిచాడు.

"అక్కా, ఇంజనాపేసేరేటి?"

"ఇలాంటప్పుడు మీ పెరట్లోకి ఎలా వదుల్తాం తమ్ముడూ?"

"బావని ఎయ్యమను. అమ్మకి తానం సేయిత్తన్నారు. కాలవలో మట్టి పట్టేసింది, నీరు పోతలేదు. ఆ నీరు పెరట్లో నిలవకూడదక్కా, ఎవురి కాలూ పడకూడదు. మీ నీరు వత్తే తోసుకుపోద్ది."

అని లోపలికి చూసి, వసారా తడి గమనించాడు. "ఇదేటి, ఇంట్లోకి వచ్చేసిందా? అమ్మ సూత్తే మనల్ని బతకనిత్తాదేటి?"

నేను ఇంక ఆగలేకపోయాను. "షెడ్డు కడతావు కదా తమ్ముడూ, ఆ తరవాత..." అన్నాను. అతను నన్ను వింతగా చూశాడు.

"షెడ్డు మా వీధివైపు వసారాలో దించుతాను. కాలవ జోలికి రానని శ్రావణంలోనే అమ్మకి మాటిచ్చేను. నీకు సెప్పలేదేటి?"

చెప్పలేదు. చెబితే నేను పుణ్యం, రుణం అని మొదలుపెడతానని ఆమెకు తెలుసు. తెలిసే మూడు నెలలు నా మొహం చూస్తూ, నా దిగులు చూస్తూ, నోట్లో వక్క వేసుకుని కూర్చుంది. ఆ క్షణంలో నాకు ఆమె మీద ఎంత కోపం వచ్చిందో. ఉంటే వెళ్ళి దెబ్బలాడేదాన్ని. చెంగు నడుముకి దోపుకుని, ఇంజను వెయ్యమని మా ఆయన్ని కేకేశాను.

మా ఆయన హేండిలు తిప్పారు. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. నీళ్ళు కంతలోంచి దూకి కాలువలో పడ్డాయి. అటువైపు పెరట్లో, చీరలు అడ్డం కట్టిన చాటున వాళ్ళ ఆడవాళ్ళు ఆమెకు స్నానం చేయిస్తున్నారు. ఆ చాటు కిందనుంచి, వాళ్ళ ఆచారంగా రేగాకులు వేసి కాచిన స్నానం నీళ్ళు మెల్లగా పారి వచ్చి, కాలువలో మట్టి దగ్గర ఆగి ఉన్నాయి. మా ఇంటి నీళ్ళు వెళ్ళి వాటిని అందుకున్నాయి. మట్టి కదిలింది. రెండు నీళ్ళూ కలిసి, పచ్చటి రేగాకుల్ని మోసుకుంటూ, వాననీటితో ఎరుపెక్కిన గెడ్డ వైపు దిగిపోయాయి.